పాత కావ్యాల్లోంచి, నవలల్లోంచి బిడ్డకు పేరు: వెతకడం నుంచి రిజిస్టర్‌లో రాయించేదాకా

"ఎవరూ పెట్టని పేరు కావాలి, అలాగని వింతగా ఉండకూడదు. పాత పుస్తకాల్లోంచి తీసుకుందామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఓ వంద పేర్లు రాసిచ్చేస్తే సరిపోదు. ఆ పేరుగల మనిషి కథలో ఏం చేసిందో, చివరికి ఏమైందో జాబితా చెప్పదు.

పేరు దొరకడం పెద్ద కష్టం కాదు. దొరికిన పేరు ఎవరిదో తెలుసుకుని, మన ఇంట్లో, బడిలో, కాగితాల్లో అది నిలుస్తుందో లేదో చూసుకోవడమే అసలు పని. కింది వరసలో చేస్తే ఆఖరి నిమిషంలో టెన్షన్ ఉండదు.

## 1. ముందు గడువులు చూసుకోండి

మన దగ్గర బారసాల 11వ రోజునో 21వ రోజునో చేస్తారు. జననం నమోదుకూ 21 రోజులే గడువు. అయితే నమోదు చేయించేటప్పుడు పేరు ఉండి తీరాలని లేదు. పేరు లేకుండా నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళదాకా ఆలస్య రుసుము కట్టి చేర్పించుకునే వీలుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంత తీరిక ఉండదు. అక్కడ సాధారణంగా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేలోపే జనన ధ్రువపత్రం ఫారం నింపిస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరు దరఖాస్తు కూడా దానితోపాటే వెళ్తుంది. బారసాల నాడు చూద్దాంలే అనుకుంటే అక్కడ కుదరదు.

అందుకే:

- ఏడో నెలలోపు వెతకడం మొదలుపెట్టండి.
- ఎనిమిదో నెల చివరికి ఆడపిల్లకు నాలుగు, మగపిల్లాడికి నాలుగు పేర్లు మిగలాలి.
- ఒక్కో పేరు పక్కన పుస్తకం పేరు, పాత్ర ఎవరు, అర్థం ఏమిటి అన్నది రెండు ముక్కల్లో రాసుకోండి. పెద్దవాళ్ళు అడిగినప్పుడు అదే పనికొస్తుంది.

## 2. ఏ పుస్తకాల్లో వెతకాలి

అన్ని పాత పుస్తకాల్లోనూ అరుదైన పేర్లు ఉండవు. 1940లు, 50ల సాంఘిక నవలలు తీసుకోండి. వాటిలో మనుషులు ఆ కాలపు మామూలు మనుషులు: ఇందిర, కల్యాణి, సుశీల, ప్రకాశం, కృష్ణమూర్తి. మంచి పేర్లే కానీ మీరు వెతుకుతున్నవి కావు. వాటిని పక్కన పెట్టి ఈ నాలుగు చోట్లకు వెళ్ళండి.

ప్రబంధాలు. మనుచరిత్రలో వరూధిని, ప్రవరుడు, స్వరోచి, మనోరమ. వసుచరిత్రలో గిరిక. విజయవిలాసంలో ఉలూచి, చిత్రాంగద. అన్నిటికన్నా ఎక్కువ పేర్లు దొరికేది పింగళి సూరన దగ్గర. కళాపూర్ణోదయం ఒక్కదానిలోనే కలభాషిణి, మధురలాలస, అభినవకౌముది, సుగాత్రి, శాలీనుడు, మణికంధరుడు ఉన్నారు. ఆయనదే ప్రభావతీ ప్రద్యుమ్నంలో రాయబారం నడిపే హంస పేరు శుచిముఖి.

కథాకావ్యాలు. సంస్కృతంలో దండి రాసిన దశకుమార చరిత్రను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అవంతిసుందరి, బాలచంద్రిక, మంజువాదిని, గోమిని, విశ్రుతుడు, ప్రమతి, పుష్పోద్భవుడు ఆ కథల్లోవాళ్ళే. పేర్లకోసమే అయితే నేను ముందు తెరిచేది ఇదే.

చారిత్రక నవలలు, వీరగాథలు. అడివి బాపిరాజు నవలల్లో శాంతిశ్రీ, అంశుమతి, అన్నాంబిక, నాగబంధునిక కనిపిస్తారు. హిమబిందు కూడా ఆయన నాయికే కానీ ఆ పేరు ఎప్పుడో ఇళ్ళల్లోకి వచ్చేసింది, అరుదు అనలేం. పల్నాటి వీరచరిత్రలో మాంచాల ఉంది.

పాత చందమామ సీరియళ్ళు. చందమామ 1947లో మొదలైంది. దాని జానపద సీరియళ్ళలో జీవదత్తుడు, విక్రమకేసరి, శిఖిముఖి లాంటివాళ్ళు దొరుకుతారు. తాతయ్యలు కూడా ఇట్టే గుర్తుపట్టే పేర్లు ఇవి.

పద్యకావ్యం అనగానే భయపడక్కర్లేదు. మొత్తం చదవనవసరం లేదు. పాత ముద్రణల్లో పీఠిక ఉంటుంది, అందులో కథాసంగ్రహం ఉంటుంది. ఆ పది పేజీలు చదివితే పాత్రలన్నీ తెలిసిపోతాయి. పుస్తకం చేతిలో లేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ కాపీలు ఉన్నాయి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం దగ్గర్లో ఉన్నవాళ్ళు ఒక పూట అక్కడ కూర్చుంటే ఇంకా హాయి.

## 3. పాత్రకు ఏమైందో చదవండి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. చెవికి నచ్చగానే పేరు ఖాయం చేసేస్తారు. తర్వాత ఎప్పుడో బంధువుల్లో తెలుగు మాస్టారు ఒకాయన "అయ్యో, ఆ పాత్ర..." అని మొదలుపెడతారు.

ప్రతి పేరుకూ ఈ నాలుగూ అడగండి:

- ఈ మనిషి కథలో ఏం చేసింది, లేదా చేశాడు?
- ముగింపు ఏమిటి?
- ఇదే పేరుతో ఇంకో పుస్తకంలో ఇంకెవరైనా ఉన్నారా?
- బిడ్డకు పదేళ్ళొచ్చాక "నా పేరు ఎవరిది?" అంటే కథ మొత్తం చెప్పగలమా?

ఉదాహరణకు గోమినిని చూద్దాం. దశకుమార చరిత్రలో ఒక ధనికుడి కొడుకు పెళ్ళాన్ని వెతుక్కుంటూ బయల్దేరతాడు. కొంగున ఒక కొలత వడ్లు కట్టుకుని, వీటితో నాకు పూర్తి భోజనం పెట్టగలవా అని కనిపించిన ప్రతి పిల్లనీ అడుగుతాడు. అందరూ నవ్వి పంపేస్తారు. గోమిని నవ్వదు. వడ్లు ఎండబెట్టి, గింజ విరక్కుండా దంచి, ఊకను కంసాలులకు అమ్మిస్తుంది, నగలు మెరుగుపెట్టడానికి వాళ్ళకి అది కావాలి. ఆ డబ్బుతో కట్టెలు, కుండ తెప్పిస్తుంది. వంట అయ్యాక కట్టెలు ఆర్పి, ఆ బొగ్గులూ అమ్మించి కూర, నెయ్యి, పెరుగు, నూనె, ఉసిరికాయ, చింతపండు కొనిపిస్తుంది. అతనికి తలంటు దగ్గర్నుంచి చల్లదాకా అన్నీ అమరుతాయి.

పైగా నిఘంటువులో గోమిని అంటే లక్ష్మి అని ఉంది. పాత్ర, అర్థం రెండూ కుదిరాయి. ఆ పరీక్ష పెట్టినవాడి మీద నాకు గౌరవం లేదు, అది వేరే సంగతి. పిల్ల తెలివి మాత్రం అచ్చంగా పిల్లదే.

కలభాషిణి అంత సులువు కాదు. పేరు అందంగా ఉంటుంది, మనిషీ మంచిదే. కానీ కథలో ఆమెను బలి ఇస్తారు, ఆమె మళ్ళీ మధురలాలసగా పుడుతుంది. బలి సంగతి మనసులో మెదులుతుందనుకుంటే అదే మనిషి రెండో జన్మ పేరు మధురలాలస తీసుకోవచ్చు. ఆ జన్మలో కథ సుఖాంతం.

వరూధిని దగ్గర ఇళ్ళల్లో వాదన వస్తుంది. ప్రవరుడు కాదని వెళ్ళిపోతాడు, అతని రూపంలో వచ్చిన గంధర్వుడి చేతిలో ఆమె మోసపోతుంది. "మోసపోయినదాని పేరా?" అంటారు. ఆమె కొడుకు స్వరోచి, మనవడు ఒక మన్వంతరానికే అధిపతి అయిన స్వారోచిష మనువు. చైత్ర బహుళంలో వచ్చే ఏకాదశికీ వరూధిని అనే పేరు. మోసం చేసినవాడిది తప్పు గానీ మోసపోయినదానిది కాదు కదా. నేనైతే ఈ పేరు నిస్సంకోచంగా పెడతాను.

పక్కన పెట్టాల్సినవి కూడా ఉన్నాయి. అపహారవర్మ రాజసంగా వినిపిస్తుంది, అపహారం అంటే దొంగతనం. కథలో అతను చేసేదీ అదే. పల్నాటి అలరాజు పేరు ఎంత మెత్తగా ఉన్నా, రాయబారానికి వెళ్ళి విషప్రయోగంతో చనిపోయిన పాత్ర అది. ఏకవీర పేరుతో ఉన్న నవల విషాదాంతం, కానీ కాకతీయుల కాలంలో ఓరుగల్లులో కొలిచిన అమ్మవారి పేరూ అదే. అమ్మవారి పేరుగా పెట్టుకుంటే ఇబ్బంది లేదు.

గిరికలు ఇద్దరున్నారు. వసుచరిత్రలో శుక్తిమతి నదికి, కోలాహల పర్వతానికి పుట్టి వసురాజును పెళ్ళాడిన గిరిక ఒకరు. వేయిపడగలులో వేణుగోపాలస్వామికి అంకితమైన దేవదాసి గిరిక ఇంకొకరు. ఇంట్లో చదివినవాళ్ళుంటే ఈ రెండో గిరిక మాట తప్పకుండా వస్తుంది. ముందే మీరే చెప్పేయండి.

## 4. ఆడపేరా, మగపేరా?

ఇకారంతో ముగిస్తే ఆడపిల్ల, "శ్రీ" ఉంటే ఆడపిల్ల అనుకోకండి. పాత పుస్తకాల్లో ఈ లెక్క చెల్లదు.

- సువర్ణశ్రీ: హిమబిందు నవలలో శిల్పి, యువకుడు.
- శాంతిశ్రీ: అదే రచయిత ఇంకో నవలలో స్త్రీ.
- ప్రమతి: దశకుమార చరిత్రలోని పదిమంది కుమారుల్లో ఒకడు.
- శిఖిముఖి: చందమామ సీరియల్లో యువకుడు.
- శుచిముఖి: ఆడహంస.
- పసిరిక: వేయిపడగలులో అబ్బాయి.

మార్చి పెట్టకూడదని కాదు. ప్రమతి అని ఆడపిల్లకు పెట్టినా వినడానికి బాగానే ఉంటుంది. తెలిసి పెట్టండి, అంతే.

పసిరికకు ఇంకో చిక్కుంది. పచ్చగా, సన్నగా చెట్ల మీద కనిపించే పాముని పల్లెల్లో పసిరిక పాము అంటారు. నవలలో ఆ పేరుకి అందం ఉంది, బడిలో ఆ అందం ఎవరికీ తెలియదు.

## 5. అర్థం నిఘంటువులోనే చూడండి

పేర్ల యాప్‌లలో ప్రతి పేరుకూ "దేవుడిచ్చిన వరం" లేదా "వెలుగు" అనే రాస్తారు. వాటిని నమ్మి బారసాల పిలుపులో అర్థం అచ్చువేయించకండి. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆంధ్రభారతి సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

చేసే విధానం:

1. పేరును ముక్కలు చేయండి: అంశు + మతి, మణి + కంధర, పుష్ప + ఉద్భవ.
2. ఒక్కో ముక్కకు అర్థం చూడండి. అంశువు అంటే కిరణం, కంధరం అంటే మెడ, విశ్రుత అంటే ప్రసిద్ధి పొందినది.
3. కలిపి చదివి, కథలో పాత్రకు ఆ అర్థం నప్పిందేమో చూడండి.
4. ముక్కకు విడిగా చెడ్డ అర్థం ఉందేమో చూడండి. మధురలాలసను ఇంట్లో "మధుర" అంటే బాగుంటుంది. "లాలస" అంటే ఆశ, తహతహ. సగం పేరుతో పిలవడం ఖాయం కాబట్టి ఏ సగంతో పిలవాలో ముందే మీరు తేల్చుకోండి.

ఒత్తులు, శ-స తేడాలు జాగ్రత్త. శుచిముఖి అంటే స్వచ్ఛమైన ముఖం కలది. శుచి పోయి సూచి అయితే సూదిమొహం అవుతుంది. బడి రిజిస్టర్‌లో ఈ ఒక్క అక్షరం కోసం గొడవపడే ఓపిక ఉంటేనే ఈ పేరు జోలికి వెళ్ళండి.

## 6. "డు" తీసేశాక పేరు ఎలా మిగులుతుంది?

పుస్తకంలో విశ్రుతుడు, శాలీనుడు, జీవదత్తుడు అని ఉంటుంది. ఇప్పుడు అలా ఎవరూ పెట్టరు. రెండు దారులున్నాయి. "డు" తీసి అకారంతో ఆపడం: ప్రవర, జీవదత్త, కళాపూర్ణ, పుష్పోద్భవ. లేదా పొల్లుతో ఆపడం: విశ్రుత్, శాలీన్.

పొల్లు పేర్లు కాగితం మీద కొత్తగా కనిపిస్తాయి. ఇంట్లో అమ్మమ్మ మాత్రం "విశ్రుతూ" అనే పిలుస్తుంది. మన నోటికి అచ్చుతో ముగియడమే అలవాటు. దానికి సిద్ధపడే పెట్టండి.

శాలీనుడి పేరుకు ఇంకో సౌకర్యం ఉంది. శాలీన అని అకారంతో ఆపితే ఆడపిల్లకూ సరిపోతుంది. శాలీనత అంటే బిడియంతో కూడిన మర్యాద. విదేశాల్లో పలకడానికీ తేలిక.

పొడుగు పేర్లను కుదించేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే: కుదించాక మిగిలేది ఇంకా అరుదుగా ఉందా? అవంతిసుందరి అవంతి అవుతుంది, అభినవకౌముది కౌముది అవుతుంది. రెండూ బాగున్నాయి. మణికంధర మాత్రం రెండో రోజే "మణి" అయిపోతుంది. వీధికో మణి ఉన్నాడు, ఇక వెతికిన శ్రమంతా దండగ. ఇంకో మాట: మణికంధర అని మీరు ఎంత స్పష్టంగా చెప్పినా కౌంటర్ దగ్గర రాసుకునేవాళ్ళ చేయి మణికంఠ మీదికే పోతుంది. అర్థం దాదాపు ఒకటే అయినా కాగితం మీద వేరే మనిషి.

## 7. నోటితో పరీక్షించండి

మిగిలిన పేర్లను ఒక వారం ఇంట్లో వాడి చూడండి.

పిలుపు. గుమ్మంలో నిలబడి వీధి చివర ఆడుకుంటున్న పిల్లను పిలిచినట్టు గట్టిగా పిలవండి. గోమినీ! వరూధినీ! శాలీనా! మాంచాలా! చివర సాగుతుంది కాబట్టి పిలుపు దూరం వెళ్తుంది. పుష్పోద్భవా అని పిలవబోతే మధ్యలోనే నాలుక మడతపడుతుంది. దానిని జాబితాలోంచి తీసేయవచ్చు.

ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. "గుర్రం", "పులి", "బండి", "కోట" లాంటి ఇంటిపేర్లు పక్కనున్న పేరుతో కలిసి కొత్త అర్థాలు ఇస్తాయి. రెండూ కలిపి పైకి చదవండి. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని పొడి అక్షరంగా పెట్టి కూడా చదవండి.

వెక్కిరింత. దీనికి పెద్దలు పనికిరారు. బంధువుల్లో నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలుంటే వాళ్ళను అడగండి. మాంచాల అనగానే "మంచం" అంటారు. ఉలూచి అనగానే "ఉల్లిపాయ". గోమిని అంటే "గోంగూర". ప్రవర అంటే పెద్దవాళ్ళే అందుకుంటారు, "ఇక నీ ప్రవర ఆపు" అన్న మాట ఉండనే ఉంది. ప్రతి పేరుకీ ఏదో ఒకటి వస్తుంది. "గోంగూర" లాంటిది రెండు రోజులు నవ్వుకుని మర్చిపోతారు. పాము, మురికి, శరీరభాగాలు గుర్తొచ్చే పేరయితే పదో తరగతిదాకా వదలదు. అలాంటివే కొట్టేయండి.

ఊరిపేరు. హైదరాబాద్ పక్కన మంచాల అనే మండలం ఉంది. మాంచాల అని పెడితే "మీది మంచాలా?" అనేవాళ్ళు తగులుతారు. ఇబ్బంది లేదు, తెలిసి ఉండండి.

## 8. ఇంగ్లీషు స్పెల్లింగ్ ముందే ఖాయం చేయండి

తెలుగులో బాగున్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చెడిపోయేది ఇక్కడే. వరూధినిలో "ధి"కి డీ-హెచ్ వాడాలా, టీ-హెచ్ వాడాలా? మనవాళ్ళు రెండూ రాస్తారు. టీ-హెచ్ పెడితే విదేశీయులు "థి" అంటారు, డీ-హెచ్ పెడితే కనీసం "ది" అంటారు. నా ఓటు డీ-హెచ్‌కే.

- దీర్ఘానికి రెండు అక్షరాలు పెడతారా, ఒకటా? ఒకటి చాలు. ఏదో ఒకటి తేల్చుకుని అన్ని కాగితాల్లోనూ అదే వాడండి.
- ణ, ళ, ఠ ఉన్న పేర్లకు ఇంగ్లీషులో వేరే అక్షరం లేదు. అక్కడ పలుకు మారుతుందని ఒప్పుకోండి.
- రాసిన స్పెల్లింగ్‌ను తెలుగు రాని స్నేహితుడికి చూపించి చదివించండి. రెండో ప్రయత్నంలో సరిగ్గా పలికితే చాలు.
- అదృష్ట సంఖ్య కోసం అదనపు అక్షరాలు చేర్చాలనుకుంటే ఇప్పుడే చేర్చండి. జనన ధ్రువపత్రం వచ్చాక చేరిస్తే తిప్పలే.

"వెంకట", "నాగ", "సత్య" లాంటి ఇంటి ఆనవాయితీ ముక్క ముందు చేర్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. పాస్‌పోర్టు పట్టుకుని అమెరికా వెళ్ళాక మొదటి మాటే పిలిచే పేరైపోతుంది. అక్కడి ఆఫీసుల్లో ఉన్న వెంకటలందరికీ ఇళ్ళల్లో వేరే పేర్లున్నాయి. ఆనవాయితీ తప్పదంటే దాన్ని రెండో ముక్కగా వెనక్కి జరపండి: గోమిని సత్య, విశ్రుత్ వెంకట.

## 9. నక్షత్రం అక్షరం కుదరకపోతే

బిడ్డ పుట్టేదాకా పాదం తెలియదు కాబట్టే నాలుగేసి పేర్లు సిద్ధంగా ఉంచుకోమన్నాను. పై పేర్లలో కొన్ని ఎక్కడ కుదురుతాయో ఇదిగో:

- కృత్తిక 1వ పాదం (అ): అంశుమతి, అవంతిసుందరి, అన్నాంబిక
- రోహిణి 2 (వా): వరూధిని
- రోహిణి 3 (వీ): విశ్రుత్
- మఖ 1 (మా): మాంచాల, మంజువాదిని, మధురలాలస
- ఉత్తర 3 (పా): ప్రవర, ప్రమతి
- ఉత్తరాషాఢ 4 (జీ): జీవదత్త
- ధనిష్ఠ 2 (గీ): గిరిక
- శతభిషం 1 (గో): గోమిని

హ్రస్వం, దీర్ఘం తేడాను చాలామంది పురోహితులు పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. మీ పంతులుగారిని ముందే అడిగి పెట్టుకోండి.

హస్త, ఆరుద్ర నక్షత్రాల్లో కొన్ని పాదాలకు ణ, ఠ, ఙ లాంటివి వస్తాయి. వాటితో మొదలయ్యే పేరు ఏ కావ్యంలోనూ దొరకదు. అప్పుడు చేసేది పాత పద్ధతే: జన్మనామం ఒకటి విడిగా పెట్టి బియ్యంలో అది కూడా రాసి, పిలవడానికి నచ్చిన పేరు పెట్టుకుంటారు. ఇది సర్దుబాటు కాదు, ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. పట్టుబట్టే పెద్దవాళ్ళకు ఈ మాట చెబితే చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది.

## 10. పెద్దవాళ్ళకు పేరు చెప్పే పద్ధతి

ముందు పేరు చెప్పి తర్వాత వివరించబోతే "అదేం పేరే?" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. తిరగేసి చేయండి. ముందు కథ చెప్పండి.

"అత్తయ్యా, కొలత వడ్లతో విస్తరి నిండా భోజనం పెట్టిన పిల్ల కథ విన్నారా?" అని మొదలుపెట్టి, ఊక అమ్మించడం, బొగ్గులు అమ్మించడం అన్నీ చెప్పండి. ఆ పిల్ల పేరేమిటని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పండి. లక్ష్మీదేవి పేరు కూడా అదేనని ఆఖర్న చేర్చండి.

అభ్యంతరాలు ఎక్కువగా ఇవే వస్తాయి:

- "మావయ్యగారి పేరు పెట్టాలి కదా." తాతగారి పేరును రెండో ముక్కగా చేర్చండి. జన్మనామంగా పెట్టినా చాలామంది ఒప్పుకుంటారు.
- "నోరు తిరగడం లేదు." ముద్దుపేరు పెట్టే హక్కు వాళ్ళకే ఇచ్చేయండి. ఎలాగూ చిన్నీ, పండూ అనే పిలుస్తారు.
- "అది వేశ్య పేరు." మధురవాణికి ఈ మాట తప్పదు. కన్యాశుల్కంలో అందరికన్నా తెలివైనదీ, మనసున్నదీ ఆమే అని నేనంటాను, కానీ బారసాల రోజున ఈ వాదన పెట్టుకోవడం మంచిది కాదు. నెల ముందే తేల్చుకోండి, తేలకపోతే వదిలేయండి.

మేనత్తతో కూడా ఓ మాట చెప్పి ఉంచండి. మన బారసాలల్లో ఆవిడ మాటకు బరువెక్కువ.

## 11. నమోదు చేయించేటప్పుడు

2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఆధార్‌కి, డ్రైవింగ్ లైసెన్సుకి, పాస్‌పోర్టుకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే ప్రధానం. ఇంతకుముందులా పదో తరగతి సర్టిఫికెట్‌లో సరిచేసుకుందాంలే అంటే కుదరదు. అరుదైన పేరు పెట్టినవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రాసేవాళ్ళకు ఆ పేరు తెలియదు. తెలిసిన పేరుగా మార్చి రాసేస్తారు.

- పేరును తెలుగులోనూ, ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనూ ఒక తెల్లకాగితం మీద స్పష్టంగా రాసి తీసుకెళ్ళండి. నోటితో చెప్పకండి.
- ఇంటిపేరు పూర్తిగా రాయించాలా, పొడి అక్షరమా అన్నది ముందే తేల్చుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది, పూర్తిగా ఉంటేనే తేలిక.
- తల్లిదండ్రుల పేర్లు వాళ్ళ ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయేమో చూడండి.
- కంప్యూటర్‌లో ఎక్కించాక, ముద్రించే ముందు, తెర మీద ఒక్కసారి చూపించమని అడగండి.
- తెలుగు పేరులో ఒత్తులు, దీర్ఘాలు, ఇంగ్లీషు పేరులో ప్రతి అక్షరం వేలు పెట్టి చదవండి.
- తప్పుంటే ఆ రోజే చెప్పండి. పేరు చేర్పించడం ఒక దరఖాస్తు, చేరిన పేరు దిద్దించడం వేరే దరఖాస్తు. రెండోదానికి రుజువులు అడుగుతారు.

తెలంగాణలో మీసేవ కేంద్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో పేరు చేర్చే దరఖాస్తు ఇవ్వవచ్చు. ధ్రువపత్రం చేతికొచ్చాక ఒక కాపీ స్కాన్ చేసి దాచుకోండి. ఆధార్‌కు వెళ్ళేటప్పుడు ఆ స్పెల్లింగే చూసి రాయించండి, గుర్తున్నట్టు చెప్పకండి.